పిలక అడిగితే లేదనొద్దు



ఈ వారం వీడియోలో భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీసి చెప్పిన చోటు గురించి మాట్లాడుకున్నాం. సాత్వికం, రాజసం, తామసం. మూడింటికీ ఉదాహరణలు కూడా ఇచ్చాను. కానీ నాకు బాగా తెలిసిన ఉదాహరణ మాత్రం చెప్పలేదు. టైమ్ లేక కాదు. కెమెరా ముందు కూర్చుని చెప్పడానికి సిగ్గేసింది. రాయమంటే రాయగలను. అందుకే ఈ పోస్ట్ కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

విషయం ఒక పూలకుండీది.

ముషీరాబాద్‌లో మా ఇంటి డాబా మీద నానమ్మ పెంచిన మొక్కలు ఉండేవి. కొన్న కుండీ ఒక్కటి కూడా ఉండేది కాదు. అన్నీ పాత పెయింట్ బకెట్లు, పగిలిన నీళ్ల డ్రమ్ము సగాలు. ఇనుప చువ్వ స్టవ్ మీద ఎర్రగా కాల్చి, ప్రతి బకెట్ అడుగున ఐదారు చిల్లులు పొడిచేది. వాటిలో తులసి, మరువం, మందారం, గులాబీ రంగు వాన లిల్లీలు, వాటన్నిటికీ పెద్దలాగా ఒక మూలన ఎర్ర లిల్లీ.

ఆ ఎర్ర లిల్లీ ఏడాదికి ఒక్కసారే పూసేది. చలికాలమంతా ఆకులు వాలిపోయి, మట్టిలోంచి ఉల్లిగడ్డ తలలాంటిది ఒకటి కనబడుతూ ఉండేది. ఎండలు ముదిరేసరికి ఆ గడ్డలోంచి ఒక లావుపాటి కాడ లేచేది. దాని కొసన నాలుగు బూరల్లాంటి ఎర్రటి పూలు. మా దగ్గర హనుమాన్ జయంతి చైత్ర పౌర్ణమికి చేస్తాం కదా, చాలా ఏళ్లు సరిగ్గా ఆ సమయానికే పూసేది. ఊరంతా గౌలిగూడ నుంచి తాడ్‌బండ్ దాకా సాగే శోభాయాత్ర సందడిలో ఉంటే, నానమ్మ ఆ నాలుగు పూలూ కోసి ఆంజనేయస్వామి పటానికి పెట్టేది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒకసారి ఆమెను ఆటపట్టించాను. "నానమ్మా, ఈ పువ్వు మన దేశానిదే కాదట. దక్షిణ అమెరికాదట. హనుమంతుడికి పెట్టొచ్చా?" అన్నాను. ఆమె నవ్వి, "ఆయన సముద్రమే దాటిండు, పువ్వు దాటొస్తే ఏమైతది?" అంది. తర్వాత ఎప్పుడో గీత 9వ అధ్యాయం చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఆకు, పువ్వు, పండు, నీళ్లు, ఏదైనా భక్తితో ఇస్తే తీసుకుంటానని భగవంతుడు అక్కడ చెప్తాడు. ఏ పువ్వో పేరు చెప్పలేదు. ఎలా ఇవ్వాలో మాత్రం చెప్పాడు.

ఇక అసలు విషయం. ప్రతి ఏడాదీ మృగశిర కార్తె వచ్చి రాంనగర్ చేపల మార్కెట్ కిటకిటలాడే రోజుల్లో, తొలకరి ఒకటి రెండు వానలు పడగానే, నానమ్మ ఆ బకెట్లు బోర్లించేది. పెద్ద గడ్డ చుట్టూ పుట్టిన పిల్ల గడ్డల్ని వేళ్లతో నెమ్మదిగా విడదీసేది. వాటినే పిలకలు అనేది. ఒక్కోదాన్నీ పేపర్‌లో చుట్టి గల్లీ అంతా పంచేది. పాలవాడికి, గుడి పూజారి గారి ఇంటికి, కిరాయికి ఉన్నవాళ్లకి, బోనాలకి వచ్చిన చుట్టాలకి. అడిగినవాళ్లకీ ఇచ్చేది, అడగనివాళ్లకీ ఇచ్చేది.

నాకు నచ్చేది కాదు. "ఉన్నవన్నీ పంచేస్తే మనకేం మిగుల్తది?" అనేవాడిని.

"ఇరుకైతే పువ్వు రాదు బిడ్డా," అనేది. అంతే. అంతకుమించి ఏ వేదాంతమూ చెప్పలేదు.

నేను లేదన్న రోజు

నానమ్మ ఒక కార్తీక మాసంలో పోయింది. ఆ తర్వాతి చైత్రంలో ఎర్ర లిల్లీ ఎప్పట్లాగే పూసింది. ఆ పూలు ఆమె ఫొటోకి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఇక ఆ మొక్కలు నావి అనుకున్నాను. సరిగ్గా అక్కడే తప్పు మొదలైంది.

ఆ ఏడాది తొలకరి పడ్డాక, మా గల్లీలో ఉండే ఒక ఆంటీ ఇంటికి వచ్చింది. వాళ్ల పాత ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేశారు. కూల్చేటప్పుడు మొక్కలన్నీ మట్టి కిందికి పోయాయి. దగ్గర్లోనే అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. "బాల్కనీలో ఒక్కటి పెట్టుకుంట బిడ్డా. మీ నానమ్మ ఎర్ర లిల్లీ పిలక ఉంటే ఇస్తవా?" అని అడిగింది.

బకెట్‌లో ఎన్ని పిలకలు ఉన్నాయో నాకు తెలుసు. ఐదు. నేనేమన్నానో తెలుసా? "ఈసారికి లేవు ఆంటీ. ఇవి నానమ్మవి కదా, కదిలించొద్దు అనుకుంటున్నా."

ఆమె "సరే బిడ్డా" అని వెళ్లిపోయింది. నాకేమో పెద్ద బాధ్యత నెరవేర్చినట్టు అనిపించింది. నానమ్మ జ్ఞాపకాన్ని కాపాడుతున్నాను అనుకున్నాను. ఏ చెయ్యి అడ్డం లేకుండా ఇచ్చిందో, ఆ చేతి పేరు చెప్పి లేదన్నాను.

తర్వాత కాపాడే పని మొదలుపెట్టాను. పెయింట్ బకెట్లు అసహ్యంగా ఉన్నాయని తెల్లటి పింగాణీ కుండీలు ఆర్డర్ చేశాను. వాటికి అడుగున చిల్లులు లేవు. టైల్స్ మీద మరకలు పడవు కదా, ఇంకా మంచిదే అనుకున్నాను. టైమర్ పెట్టి డ్రిప్ పైపులు లాగాను. రోజూ పొద్దున ఆరింటికి నీళ్లు. ఫోన్‌లో కనిపించే ఆ గ్రాఫ్ చూసి మురిసిపోయాను. శ్రావణంలో వానలు పడుతున్నా టైమర్ ఆపలేదు. చలికాలంలో మొక్క నిద్రపోయే టైమ్ వచ్చినా ఆపలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఆకులు పసుపుగా, మెత్తగా అయిపోవడం చూసి గడ్డను వేళ్లతో నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది. కుళ్లిన ఉల్లిగడ్డ వాసన. పెద్ద గడ్డ, ఐదు పిలకలు, మొత్తం పోయాయి. వేర్లు పుట్టే అడుగు భాగం గట్టిగా ఉండి ఉంటే కుళ్లిన పొరలు కోసేసి, ఆరబెట్టి బతికించుకోవచ్చట. నాకు ఆ గట్టి భాగం కూడా మిగల్లేదు.

మనం సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఒకే సర్వర్‌లో పెట్టొద్దని కొత్తగా చేరిన వాళ్లకి కూడా చెప్తాం. నేను మా నానమ్మను ఒకే కుండీలో పెట్టాను.

లిల్లీ అంటే ఏది?

పోయిన మొక్కను మళ్లీ కొనేద్దాం అనుకున్నాను. "రెడ్ లిల్లీ" అని ఆన్‌లైన్‌లో వెతికి గడ్డలు తెప్పించాను. వచ్చినవి వేరే. పొలుసులు పొలుసులుగా, వెల్లుల్లి రేకులు అంటించినట్టున్నాయి. రెండు జానల మొక్క వచ్చింది, ఏప్రిల్ ఎండకి మాడిపోయింది. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, మనం లిల్లీ అని పిలిచేవాటిలో చాలావరకు లిల్లీలే కావు.

మీలో కూడా మొక్కలు పెంచేవాళ్లు ఉన్నారు కాబట్టి, ఆ తేడాలు సులువుగా చెప్తాను.

అసలైన లిల్లీ చల్లని ప్రాంతాలది. హిమాలయాల్లో ఉంది, మన దక్షిణాన నీలగిరి కొండల్లో కూడా ఒక తెల్లని జాతి ఉంది. గడ్డ పొలుసులుగా ఉంటుంది, పైన కాగితంలాంటి పొర ఉండదు. ఒకే కాండం నిటారుగా లేచి, దాని పొడవునా ఆకులు ఉంటాయి. హైదరాబాద్ ఎండకి ఇది తట్టుకోవడం కష్టం. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం అస్సలు తేవద్దు. ఆకు నమిలినా, పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి.

మన ఎర్ర లిల్లీని నర్సరీల్లో అమరిల్లిస్ అంటారు. శాస్త్రం పేరు హిప్పియాస్ట్రమ్. గడ్డ అచ్చం ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉంటుంది. ఆకులు పట్టీల్లా మట్టిలోంచే వస్తాయి, పూల కాడకి ఆకులు ఉండవు. ఆ కాడ కోసి చూస్తే లోపల బోలుగా ఉంటుంది. ఇంకో గుర్తు ఉంది. పువ్వు రేకుల కింద, కాడ కలిసే చోట పచ్చటి బుడిపె కనిపిస్తుంది. అదే గింజలు పుట్టే భాగం. అసలైన లిల్లీకి అది రేకుల లోపల మధ్యలో ఉంటుంది, ఇలా కిందికి కనబడదు.

వాన లిల్లీ గడ్డ చిన్న ఉల్లిపాయంత ఉంటుంది, ఆకులు గడ్డిపోచల్లా సన్నగా ఉంటాయి. మంచి వాన పడ్డ రెండు మూడు రోజులకి ఒకేసారి విచ్చుకుంటాయి. దీని శాస్త్రీయ నామం జెఫిరాంథెస్. అంటే పడమటి గాలి పువ్వు. మన నైరుతి వానలకి సరిపోయే పేరు.

ఇక గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కిలోల లెక్కన లిల్లీ పేరుతో అమ్మే తెల్లని వాసన పూలు ఉన్నాయి చూడండి, దేవుడి దండల్లో కట్టేవి. అవి రజనీగంధ, నేల సంపెంగ అని కూడా అంటారు. పుట్టిల్లు మెక్సికో. ఇంగ్లిష్ డిక్షనరీలు లిల్లీకి అర్థం కలువ అని రాస్తాయి, ఆ కలువ చెరువులో పూసేది, దీనికి దానికి చుట్టరికమే లేదు. తెలంగాణ అడవుల్లో వానాకాలం మంటలా పూసే అడవినాభిని కూడా లిల్లీ అంటారు. దాని దుంప నాగలి ఆకారంలో ఉంటుంది కాబట్టి సంస్కృతంలో లాంగలి అన్నారు. అందులో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది. ప్రాణం పోయేంత విషం.

ఎర్ర లిల్లీ, వాన లిల్లీ గడ్డలు కూడా తినకూడనివే. వంటింట్లో ఉల్లిగడ్డల బుట్ట దరిదాపుల్లో పెట్టకండి.

ఇంత చదివాక, ఏ మొక్క కొనాలో నాకు తెలిసింది. నర్సరీలో దొరుకుతుంది కూడా. కానీ కొనబుద్ధి కాలేదు. పేరు సరిగ్గా కనుక్కోగలిగాను, జాతి కనుక్కోగలిగాను. నానమ్మ చేతి మొక్క మాత్రం ఏ నర్సరీలో దొరుకుతుంది? ఆమె ఎవరెవరికి ఇచ్చిందో తెలిసిన మనిషి ఒక్కరే. ఆ ఆంటీ.

తార్నాక దాకా

జ్యేష్ఠ మాసంలో ఒక ఆదివారం వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. తలుపు తీసి "రా బిడ్డా" అంది, మామూలుగానే. చాయ్ ఇచ్చింది. నేను కుళ్లిన సంగతి చెప్పాను, మొత్తం కాదు, మొక్క పోయిందని మాత్రమే. ఆమె కాసేపు ఆలోచించి, "మీ నానమ్మ నాకిచ్చిన దాంట్లకెళ్లి ఒక పిలక తార్నాకల మా అక్కకి ఇచ్చిన. ఎనిమిదేండ్లైతుంది. ఉందో లేదో. పోయి చూద్దాం పా" అంది.

స్కూటీ మీద ఇద్దరం బయల్దేరాం. రాంనగర్, విద్యానగర్, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వచ్చేసరికి వాన అందుకుంది. చెట్టు కింద ఆగాం. ఎదురుగా ఒక బిల్డింగ్ ముందు తెల్లని పూలు సన్నటి కాళ్లు చాపినట్టు పూసి ఉన్నాయి. చదువుకున్నది చూపించుకోవాలనిపించి, "ఇది స్పైడర్ లిల్లీ ఆంటీ. రెండు రకాలు ఉంటాయి. మధ్యలో పల్చటి గిన్నెలాంటి పొర ఉంటే అమెరికాది, హైమెనోకాలిస్. ఆ గిన్నె లేకపోతే మన ఆసియాది, క్రైనమ్" అన్నాను. ఆమె వంగి చూసి, "గిన్నె ఉంది" అంది. తర్వాత మెల్లగా, "మీ నానమ్మకి ఇవేమీ తెల్వదు. కానీ ఎవరింట్ల ఏ మొక్క లేదో తెలుసు" అంది.

అప్పుడిక ఆగలేకపోయాను. "ఆంటీ, పోయినేడాది మీరు అడిగినప్పుడు పిలకలు ఉన్నాయి. ఐదున్నాయి. లేవని అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు బిడ్డా. బకెట్ల కనబడ్డయి" అంది.

వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. కొంచెంసేపటికి ఆమే అంది: "నువ్వు ఇయ్యలేదని కాదు. ఇరవై ఏండ్లకెళ్లి మీ ఇంటికి వస్తున్న. ఆ ఇంట్ల లేదనే మాట అదే మొదటిసారి విన్న. ఇంటికి పోయినంక, మీ నానమ్మ పోయిందని అప్పుడు అనిపించింది."

ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. మనిషి పోయిన రోజు కాదట, ఆ మనిషి ధర్మం ఇంట్లో ఆగిపోయిన రోజు ఆమెకి మా నానమ్మ పోయినట్టు అనిపించింది. దాన్ని ఆపింది నేను.

తార్నాకలో వాళ్ల అక్క వాళ్లది పాత ఇల్లు, ముందు కాస్త మట్టి ఉంది. గోడ వెంబడి ఎర్ర లిల్లీలు బారుగా ఉన్నాయి. పూలు అయిపోయి ఆకులు నిగనిగలాడుతున్నాయి. నేను లెక్కపెట్టబోయి మానేశాను. "మీ నానమ్మ ఇచ్చింది ఒక్కటే పిలక. దీని నుంచి ఎంతమందికి పోయినయో నాకే యాదికి లేదు" అందామె. తవ్వి, మూడు పిలకలు పేపర్‌లో చుట్టి ఇచ్చింది. ఎవరి పిల్లవాడివి, ఏం చేస్తావు అని కూడా అడగకముందే ఇచ్చింది.

నేను దాచింది కుళ్లింది. నానమ్మ పంచింది తార్నాకలో పూస్తోంది.

దేశం, కాలం, పాత్ర

సాత్విక దానం గురించి చెప్తూ కృష్ణుడు మూడు షరతులు పెడతాడు. తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇవ్వాలి. దేశం, కాలం, పాత్ర. పాత్ర అంటే అక్కడ అర్హత ఉన్న మనిషి అని. మనకి తెలుగులో గిన్నె, కుండ అని కూడా అర్థం ఉంది. పిలకలు విడదీస్తుంటే ఈ మూడు మాటలూ నాకు తోట పాఠంలాగే వినిపించాయి.

దేశం. ఎర్ర లిల్లీకి పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. మధ్యాహ్నం కాస్త నీడ ఉంటే మంచిది. ఏసీ గదిలో డెస్క్ మీద పెట్టుకుంటానన్నవాళ్లకి ఈ మొక్క ఇస్తే, ఇచ్చిన పేరు మీకొస్తుంది, చావు మొక్కకొస్తుంది. తగని చోట, తగని వేళ, గౌరవం లేకుండా విసిరేసినట్టు ఇచ్చేదాన్ని గీత తామస దానం అంటుంది. ఇంట్లో చోటు లేక వదిలించుకునే పాత బట్టలు కూడా ఇందులోకే రావచ్చు, ఆలోచించండి.

కాలం. పూలు అయిపోయాక, తొలకరి సమయంలో విడదీయండి. పిల్ల గడ్డకి సొంత వేర్లు వచ్చి, కనీసం ఉసిరికాయంత అయ్యాకే తీయండి. అంతకన్నా చిన్నదైతే తల్లి దగ్గరే ఉండనివ్వండి. తీశాక దెబ్బ తగిలిన చోటు ఆరేలా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి నాటండి. చలికాలంలో ఆకులు వాలిపోతే నీళ్లు బాగా తగ్గించేయండి. అది చచ్చిపోవడం కాదు, విశ్రాంతి. నేను ప్రేమ అనుకుని పోసిన నీళ్లే దాన్ని చంపాయి. వాన లిల్లీని మాత్రం గింజలతో కూడా పెంచొచ్చు. కాయ పగలగానే కాగితంలాంటి నల్లటి గింజలు వస్తాయి, ఆలస్యం చేయకుండా చల్లేయాలి.

పాత్ర. కుండీ అడుగున చిల్లులు ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. గడ్డ మెడ మట్టి పైకి కనబడేలా నాటాలి. మొత్తం పూడ్చేస్తే తేమ మెడ దగ్గర నిలుస్తుంది. వాన లిల్లీ అయితే ఒక అంగుళం లోతున పెట్టొచ్చు.

చిల్లులు లేని పాత్ర గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఎంత మంచి మట్టి, ఎంత మంచి నీరు పోసినా, బయటికి పోయే దారి లేకపోతే లోపలున్నది కుళ్లుతుంది. మనకి జీతం రూపంలో, చదువు రూపంలో, పెద్దల ఆశీర్వాదం రూపంలో వచ్చేది కూడా అంతే. అడుగున చిల్లు ఉండాలి. అది కారిపోవడం కాదు, వేరు ఊపిరి తీసుకోవడం.

బ్యాకప్ కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎందుకంటే ఈ కథ చెప్పిన మొదటి ఫ్రెండ్ వెంటనే ఇలా అన్నాడు: "అంటే పంచడం అనేది డిస్ట్రిబ్యూటెడ్ బ్యాకప్ అన్నమాట." నాకూ మొదట అలాగే అనిపించింది, బాగా నచ్చింది కూడా. రేపు నాది పోతే ఎవరిదగ్గరో ఉంటుంది, వెళ్లి తెచ్చుకోవచ్చు.

కానీ గీత సరిగ్గా ఈ లెక్కనే పట్టుకుంటుంది. తిరిగి ఏదో వస్తుందని, ఫలం ఆశించి, మనసులో నలుగుతూ ఇచ్చేది రాజస దానం. తిరిగి ఏమీ చేయలేనివారికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్వికం. బ్యాకప్ కోసం పంచితే అది దానం కాదు, మొక్కల్ని ఎదుటివాళ్ల ఇంట్లో స్టోర్ చేసుకోవడం. నానమ్మ అలా ఇవ్వలేదు. తార్నాకలో ఆ మొక్క ఉందని ఆమెకి తెలియను కూడా తెలియదు. తిరిగి రావడం అనేది ఆమె లెక్కలోనే లేదు.

భాగవతం 9వ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది. 48 రోజులు నీళ్లు కూడా లేకుండా ఉన్నాక కాస్త ఆహారం దొరుకుతుంది. తినబోయే సమయానికి ఒక బ్రాహ్మణుడు వస్తాడు, తర్వాత ఒక శూద్రుడు, ఆ తర్వాత కుక్కలతో ఇంకొకడు. వచ్చినవాడికల్లా పెట్టేస్తాడు. చివరికి తాగడానికి మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చిన ఒక చండాలుడికి ఇచ్చేస్తాడు. అందరిలోనూ హరినే చూశాడు కాబట్టి ఇవ్వగలిగాడు. ఆ వచ్చినవాళ్లు దేవతలని ఆయనకి తెలియదు. తెలిసి ఇచ్చి ఉంటే ఆ కథ మనకి మిగిలేది కాదు.

మనం రంతిదేవుళ్లం కాము. నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఈ మధ్యే పరీక్ష జరిగింది.

ఆ మూడు పిలకల్లో ఒకటి అదే రోజు ఆంటీ బాల్కనీలో నాటాం. రెండు మా డాబా మీదికి తెచ్చి, పెయింట్ బకెట్లకి చువ్వ కాల్చి చిల్లులు పొడిచి నాటాను. పిలక నుంచి పువ్వు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి ఈ చైత్రంలో నాకు పువ్వు లేదు. ఆకులు మాత్రం బాగా వచ్చాయి.

ఈ ఏడాది మృగశిర దాటిన వారం, ఆంటీ వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి కూతురు, ఐదో తరగతి చదివే పిల్ల, ఆమెతో కలిసి మా డాబా మీదికి వచ్చింది. బకెట్లు చూసి "అన్నా, నాకొకటి ఇస్తవా?" అంది.

నా దగ్గర ఉన్నవి రెండే. ఇంకా ఒక్కసారి కూడా పూయలేదు. నోటిదాకా వచ్చిన మాటేంటో మీరు ఊహించగలరు. "వచ్చే ఏడాది ఇస్తా" అని. అది కూడా లేదనడమే, కాకపోతే కాస్త మర్యాదగా. ఆంటీ ఏమీ అనలేదు. అటు తిరిగి తులసి కోట దగ్గర నిలబడింది. ఆమె ఎందుకు అటు తిరిగిందో నాకు అర్థమైంది.

ఇస్తానన్నాను. చెయ్యి చిన్న పిలక ఉన్న బకెట్ మీదికే పోయింది, దాచడం ఎందుకు? ఎత్తాక ఒక్క క్షణం ఆగి, దాన్ని దించి, పెద్దది ఎత్తి ఇచ్చాను. బకెట్‌తో సహా. గడ్డ నోట్లో పెట్టుకోవద్దని, రోజూ నీళ్లు పోయొద్దని, వేలితో మట్టి తడి చూశాకే పోయాలని చెప్పాను. ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆకులు ఆమె మొహానికి తగులుతున్నాయి.

నాకు సంతోషం వేసిందని చెప్తే అబద్ధం. ఆ రోజు రాత్రి ఖాళీ అయిన ఆ చోటు చూసి కాస్త బెంగగానే అనిపించింది. సాత్విక దానం ఇంకా నాకు చేతకాలేదు. ఇవ్వడం మాత్రం చేతనైంది. మిగతాది నెమ్మదిగా వస్తుందేమో. గడ్డకే మూడేళ్లు పడితే, మనిషికి పట్టదా?

ఈ వారం మీరు చేయాల్సింది చిన్న పని. మీ ఇంట్లో ఇరుకైపోయినది ఏదో ఒకటి ఉంటుంది. కుండీలో మొక్క కావచ్చు, అల్మారాలో పుస్తకం కావచ్చు, మీకు వచ్చిన విద్య కావచ్చు. ఎప్పుడో ఒకరు అడిగితే మీరు లేదన్నది. ఆ మనిషి ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.

వచ్చే వారం వీడియోలో 18వ అధ్యాయం మొదలుపెడదాం.

శ్రీకృష్ణార్పణమస్తు.